నా ఉద్యోగం, నాన్న పింఛను

మా చర్చిలో ఎవరికైనా ప్రభుత్వ ఉద్యోగం వస్తే, ఆ ఆదివారం ముందుకు వచ్చి సాక్ష్యం చెప్పడం ఆనవాయితీ. అక్టోబరు 2019లో నా వంతు వచ్చింది. గ్రామ సచివాలయంలో సంక్షేమ, విద్యా సహాయకురాలిగా నియామక పత్రం అందుకుని వారమే అయింది. అమ్మ కొత్త చీర కట్టుకుని ముందు వరసలో కూర్చుంది. మూడో వరసలో నా స్నేహితురాలు ఉంది. ఇద్దరం ఒకే పుస్తకాలు చదివాం, ఒకే రోజు ఉపవాస ప్రార్థనలో కూర్చున్నాం. ఆమెకు ఉద్యోగం రాలేదు. ఆ పరీక్షలకు రాష్ట్రమంతా 20 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ఉన్న కొలువులు లక్షా పాతిక వేల చిల్లర. "దేవుడు నాకు ఉద్యోగం ఇచ్చాడు" అని ఆమె కళ్లలోకి చూస్తూ చెప్పడానికి నాకు నోరు రాలేదు. "ఈ పనిలో నేను అన్యాయం చేయకుండా ఉండాలని ప్రార్థన చేయండి" అని మాత్రం చెప్పి కూర్చున్నాను. అంత చిన్న సాక్ష్యం మా సంఘంలో ఎవరూ విని ఉండరు.

ఇప్పుడు మా యువజనులు పోటీ పరీక్షలకు చదువుతూ నన్ను అడుగుతుంటారు: "అక్కా, క్రైస్తవులుగా ప్రభుత్వంలో చేరితే ప్రజలకు మేలు చేయగలమా? మన విశ్వాసం నిలుస్తుందా?" ఆ రోజు చెప్పకుండా మింగేసిన సాక్ష్యాన్ని వాళ్ల కోసం రాస్తున్నాను.

మాది ఒంగోలు దగ్గరి పల్లె. నాన్న కూలి పనికి వెళ్లేవారు. అమ్మ పొగాకు గ్రేడింగుకు వెళ్లేది. ఆకు రంగును బట్టి, మచ్చను బట్టి వేరుచేసి కట్టలు కట్టే పని. సాయంత్రం ఇంటికి వస్తే ఆమె వేళ్లు జిగురుతో నల్లగా ఉండేవి, ఎంత రుద్దినా పోయేది కాదు. మా ముత్తాతల కాలం నుంచి మేము బాప్టిస్టులం. మా నాయనమ్మ క్లౌ దొర కథ చెప్పేది. 1876–78 నాటి పెద్ద కరవులో జనం ఆకలితో రాలిపోతుంటే, అమెరికన్ మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో కొన్ని మైళ్ల తవ్వకం పనిని గుత్తకు తీసుకున్నారు. ఆ పనిలో వేలమందికి కూలి దొరికింది, కూలితో గంజి దొరికింది. "మా తాత ఆ కాలువలో మట్టి మోశాడే" అని నాయనమ్మ గర్వంగా చెప్పేది. ప్రభుత్వ పని అంటే నా మనసులో మొదట పడిన బొమ్మ అదే: ఆకలితో ఉన్నవాళ్ల చేతికి గంప, పార ఇచ్చి, సాయంత్రానికి కూలి లెక్క తప్పకుండా కట్టడం.

డిగ్రీ అయ్యాక ఒంగోలులో గ్రంథాలయానికి వెళ్లి చదవడం మొదలుపెట్టాను. కోచింగుకు హైదరాబాదు పంపే స్తోమత ఇంట్లో లేదు. తెలుగు అకాడమీ పుస్తకాలు, పాత దినపత్రికలే నా గురువులు. అక్కడే ఒకరోజు ఎస్.ఆర్. శంకరన్ గారి గురించి చదివాను. వెట్టిచాకిరి నిర్మూలన చట్టం 1976లో వస్తే, దాన్ని కాగితం మీద వదిలేయకుండా పల్లెలకు తీసుకుపోయిన ఐ.ఏ.ఎస్. అధికారి. పెళ్లి చేసుకోలేదు. జీతం పేద పిల్లల చదువులకు ఖర్చుపెట్టారు. పద్మభూషణ్ ఇస్తామంటే వద్దన్నారు. ఆయన మా మతంవారు కారు. యోసేపు, దానియేలు, నెహెమ్యా అంటూ అధికారంలో ఉన్న భక్తుల గురించి ఆదివారం బడిలో విన్న నాకు, భక్తి గురించి ఒక్క మాటా చెప్పకుండా పని చేసి చూపించిన ఈ మనిషి చాలా పెద్దగా కనిపించారు. అప్పటి నుంచి నా ప్రార్థనలో ఒక మార్పు వచ్చింది. ఉద్యోగం ఇవ్వమని అడగడం తగ్గించి, దానికి తగినదాన్ని చేయమని అడగడం మొదలుపెట్టాను.

అయితే, అసలు పరీక్ష దరఖాస్తులోనే ఎదురైంది, కులం గడి దగ్గర.

ఇది కొంచెం వివరంగా చెప్పాలి. మా ఇళ్లలో దీని గురించి గుసగుసగానే మాట్లాడుకుంటారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులకే షెడ్యూల్డు కులాల గుర్తింపు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. షెడ్యూల్డు కులాల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్లు మన రాష్ట్రంలో వెనుకబడిన తరగతుల్లోని బీసీ–సి విభాగం కిందికి వస్తారు, వాళ్లకు ఒక శాతం రిజర్వేషను. నా బడి రికార్డులో మాత్రం మతం హిందూ అనీ, కులం షెడ్యూల్డు కులమనీ ఉంది. నన్ను చేర్పించిన రోజు ఉపాధ్యాయుడు అడిగి రాసుకున్నదో, అడగకుండానే రాసుకున్నదో నాన్నకు గుర్తులేదు. ఆ ధ్రువపత్రంతోనే స్కాలర్‌షిప్పు తీసుకుని చదివాను. ఆ విషయం దాచను.

మా బాప్టిస్టుల్లో పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు. తెలివి వచ్చాక ఎవరికి వారు అడిగి, నీళ్లలో మునిగి తీసుకోవాలి. నేను 19 ఏళ్లకు, డిగ్రీ రెండో సంవత్సరంలో తీసుకున్నాను. ఎవరూ బలవంతం చేయలేదు. నా నోటితో నేనే ఒప్పుకున్నాను. కాబట్టి గ్రూప్–2 దరఖాస్తు ముందు కూర్చున్న రోజున నాకు సాకు లేదు. చిన్నప్పుడు ఎవరో రాశారని చెప్పుకునే వయసు దాటిపోయింది. పదిమంది ముందు ఒప్పుకున్న మాటను ఒక్క గడిలో కాదని రాయాలి, లేదా బీసీ–సి పత్రం తెచ్చుకోవాలి.

ఇంట్లో పెద్ద గొడవ అయింది. "ఊళ్లో అందరూ తెలివితక్కువ వాళ్లు, నువ్వొక్కదానివే సత్యవంతురాలివా?" అని అమ్మ ఏడ్చింది. ఆమె కోపంలో న్యాయం ఉంది. మా పేదరికం చర్చి గడప దగ్గర ఆగిపోలేదు. మా అంటరానితనమూ ఆగలేదు. నీళ్లలో మునిగి లేచినందుకు కులం పోయిందని చట్టం అనుకుంటే, ఊరు అనుకోవాలి కదా. ఆ ఉత్తర్వు అన్యాయమైనదని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అంటాను. అక్టోబరు 2022లో ఈ విషయం పరిశీలించడానికి కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన కమిషన్ వేసింది కూడా. షెడ్యూల్డు కులం పత్రంతో ఉద్యోగం చేసుకుంటున్న మా బంధువులను నేను వేలెత్తి చూపను. ఎన్ని తరాల ఆకలి వాళ్ల చేత ఆ సంతకం పెట్టించిందో నాకు తెలుసు. కానీ ప్రజలకు నిజాయితీగా పని చేస్తానంటూ వెళ్లే ఉద్యోగంలో నా మొదటి కాగితమే అబద్ధం అయితే, రేపు ఎవరి కాగితాన్ని నేను పరిశీలిస్తాను?

నాన్న ఆ రాత్రి ఏమీ మాట్లాడలేదు. తెల్లవారి, "నీ బాప్తిస్మం నీది. పత్రం కూడా నీదే" అన్నారు.

మీసేవలో దరఖాస్తు చేశాను. విచారణకు పిలిచిన చోట గుమాస్తా కాగితాలు చూసి, "ఉన్న రిజర్వేషను వదులుకోవడానికి వచ్చినవాళ్లను నేను ఇంతవరకు చూడలేదమ్మా, ఆలోచించుకోండి" అన్నారు. ఆయన మంచికే చెప్పారు. బాప్తిస్మం పత్రం, పాస్టరుగారి ఉత్తరం ఇచ్చాను. నాలుగుసార్లు తిరిగాక పత్రం చేతికి వచ్చింది. ఈ దారిలో వెళ్లాలనుకునేవాళ్లు నోటిఫికేషన్ వచ్చేదాకా ఆగవద్దు. గడువు దగ్గరపడ్డాక ఒక్కో రోజు ఎంత విలువైనదో నాకు తెలిసింది.

దాని వెల కూడా చెప్పాలి. 2016 నాటి గ్రూప్–2లో 982 పోస్టులు. ఫిబ్రవరి 26, 2017న జరిగిన స్క్రీనింగ్ పరీక్ష గట్టెక్కాను. జూలైలో మెయిన్స్ రాశాను: జనరల్ స్టడీస్ ఒకటి, సామాజిక చరిత్ర, రాజ్యాంగం కలిపి ఒకటి, ఆర్థిక వ్యవస్థ ఒకటి, ఒక్కొక్కటి 150 మార్కులు. రాలేదు. పాత పత్రంతో రాసి ఉంటే వచ్చేదని స్నేహితులు లెక్కలు వేసి చూపించారు. ఆ లెక్కల కాగితం చాలా రోజులు నా పుస్తకంలో ఉండిపోయింది. నేను చేసింది సరైనదే అని తెలిసినా, అమ్మ మళ్లీ పొగాకు పనికి బయల్దేరుతుంటే ఆమె ముఖం చూడలేకపోయేదాన్ని. సరైన పని చేస్తే మనసు తేలికపడుతుందని చాలామంది అంటారు. నాకు రెండేళ్లు తేలికపడలేదు.

మే 5, 2019న మళ్లీ గ్రూప్–2 స్క్రీనింగ్. ఈసారి అక్కడే ఆగిపోయాను. తరువాత సచివాలయాల నోటిఫికేషన్ వచ్చింది. నా విభాగానికి పరీక్ష సెప్టెంబరు 1, 2019. ఈ మూడు తేదీలూ ఆదివారాలే. మొదటిసారి బాధపడ్డాను. మూడోసారికి పాస్టరుగారే ఉదయం ఆరు గంటలకు పరీక్ష రాసేవాళ్లందరినీ పిలిచి ప్రార్థన చేసి పంపారు. సెప్టెంబరు 19న ఫలితాలు వచ్చాయి. అక్టోబరు 2న సచివాలయాలు మొదలయ్యాయి. జీతం నెలకు 15,000 రూపాయలు, రెండేళ్ల ప్రొబేషన్ అన్నారు. అది జూలై 2022 దాకా సాగింది.

చేరిన రెండో నెలలోనే వైఎస్సార్ నవశకం సర్వే వచ్చింది. వాలంటీర్లు ఇల్లిల్లూ తిరిగి రాసుకొస్తే, బియ్యం కార్డుకు, పింఛనుకు ఎవరు అర్హులో సరిచూడడం మా పని. నిబంధనల్లో ఒకటి: ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి ఉంటే ఆ కుటుంబానికి పింఛను లేదు.

నాన్నకు అప్పటికి 67 ఏళ్లు. వృద్ధాప్య పింఛను వస్తోంది. ఆయన జీవితంలో నెలనెలా చేతికి వచ్చిన మొదటి డబ్బు అదే. కూలి అయితే దొరికిన రోజు ఉంటుంది, దొరకని రోజు ఉండదు. పింఛను వెయ్యి ఉన్నప్పుడు వంద, రెండు వేలు అయ్యాక రెండు వందలు, 2,250 అయ్యాక 225 రూపాయలు దశమభాగం తీసి ఆదివారం కానుకల సంచిలో వేసేవారు. అంతకుముందు ఏళ్ల తరబడి ఆ సంచి తన ముందుకు వస్తే ఐదో పదో వేసి తల దించుకున్న మనిషి.

మా ఇంటి కాగితం నా బల్ల మీదికే వచ్చింది. తోటి ఉద్యోగి ఒకరు మెల్లగా చెప్పారు: "నువ్వు వేరుగా ఉంటున్నట్టు కుటుంబాన్ని విడదీసి చూపించు. చాలామంది చేస్తున్నదే." నాకు పెళ్లి కాలేదు. ఆ ఇంట్లోనే తింటున్నాను, ఆ ఇంట్లోనే పడుకుంటున్నాను. నెలకు పదిహేను వేలు తెచ్చే ఆడపిల్ల ఉందని ముసలివాడి చేతిలోని 2,250 తీసేయడం కఠినమైన నిబంధన అని ఇప్పటికీ నమ్ముతున్నాను. పై అధికారుల సమావేశంలో లేచి ఆ మాట చెప్పాను కూడా. కానీ అదే వారం, కొడుకు గుమాస్తా ఉద్యోగం చేస్తున్నాడని మరో పెద్దాయన పేరు పక్కన అనర్హుడని నేనే సంతకం పెట్టాను. ఆయన మెట్ల మీద కూర్చుని చాలాసేపు లేవలేదు. ఆయనకు ఒక నిబంధన, మా నాన్నకు ఇంకొకటి ఎలా పెట్టను?

మా నాన్న పేరు పక్కనా అనర్హులు అని రాశాను. ఫిబ్రవరి 2020 జాబితాలో ఆయన పేరు లేదు. ఆ జాబితా సచివాలయం గోడకు అంటించింది కూడా నేనే. ఆయన వచ్చి చదువుకుని, "అంటించేటప్పుడు కింది మూల ఊడిపోకుండా చూడమ్మా, గాలికి చిరుగుతుంది" అని వెళ్లిపోయారు. ఆ సాయంత్రం ఇంటికి పోవడానికి నాకు కాళ్లు ఆడలేదు.

ఉద్యోగంలో మేలు చేయడమంటే ఎక్కువ భాగం ఇలాంటి చిన్న విషయాలే. బైబిల్లో బాప్తిస్మమిచ్చే యోహాను దగ్గరకు సుంకరులు, అంటే పన్ను వసూలు చేసేవాళ్లు, వచ్చి మేమేమి చేయాలని అడిగితే, ఆ పని మానేయమని ఆయన చెప్పలేదు. నిర్ణయించినదానికంటే ఎక్కువ తీసుకోవద్దన్నాడు, అంతే. చిన్నప్పుడు ఆ జవాబు చాలా తక్కువగా అనిపించేది. ఇప్పుడు దాని బరువు తెలుస్తోంది. మొదటి నెలల్లో ఒక అవ్వ తన పింఛను మంజూరైందని యాభై నోటు మడిచి నా చేతిలో కుక్కింది. అది లంచం కాదు, ఆమె ప్రేమ. తిరిగి ఇచ్చేస్తే చిన్నబుచ్చుకుంది. "దాహంగా ఉంది, మజ్జిగ ఉందా?" అని అడిగాను. ఆమె ముఖం వికసించింది. ఆ యాభై తీసుకుని ఉంటే, పక్కింటి అవ్వ తన దగ్గర నోటు లేదని నా దగ్గరకు రావడం మానేసేది.

వేలిముద్రలు పడని వాళ్లు మా ఊళ్లో చాలామంది. పొగాకు ఆకు, మట్టి పని వేళ్ల గీతలను అరగదీశాయి. యంత్రం వద్దంటుంది. తడిగుడ్డతో తుడిచి, మళ్లీ పెట్టించి, కుదరకపోతే కనుపాపతోనో ముఖంతోనో ప్రయత్నించి, ఒక్కొక్కరి దగ్గర అరగంట కూర్చోవలసి వస్తుంది. విసుగు వచ్చినప్పుడు ఆ వేళ్లు అమ్మ వేళ్లలాగే కనిపిస్తాయి.

పెద్ద వీధిలో ఒక వితంతువు దరఖాస్తు విచారణకు మొదటిసారి వెళ్లినప్పుడు నాకు కుర్చీ వేయలేదు. అరుగు కింద నిలబడే కాగితాలు చూశాను. ఉత్తర్వు ప్రకారం నా కులం నీళ్లలోనే పోయింది. ఆ వీధిలో మాత్రం నా వెంటే వచ్చింది. నా మనసు మండిపోయింది. ఆమె భర్త మరణ ధ్రువపత్రంలో పేరు ఒక అక్షరం తప్పు ఉంది. ఆ ఒక్క కారణంతో దరఖాస్తు వెనక్కి పంపవచ్చు, ఎవరూ నన్ను తప్పుపట్టరు. దేవుని ముందు మాత్రం నాకు సాకు లేదు. తప్పు ఎక్కడ, ఎలా దిద్దించుకోవాలో రాసిచ్చి, రెండుసార్లు వెంటపడి పని పూర్తిచేయించాను. ఆమె తరువాత కుర్చీ వేసిందా అని మా స్నేహితురాలు అడిగింది. వేయలేదు. అయినా ఆమె పింఛను ఆమెకు వస్తోంది.

మా వాళ్లతోనూ చిక్కే. మార్చి 1, 2020 ఆదివారం, నెలలో మొదటి ఆదివారం, మా చర్చిలో ప్రభు బల్ల, అంటే యేసును తలచుకుంటూ రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధన, ఉండే రోజు. అదే రోజు పింఛన్ల పంపిణీ. నేను పంపిణీకే వెళ్లాను. మరుసటి వారం సంఘపెద్ద ఒకరు మందలించారు. తరువాత ఆయనే ఇంకో సలహా ఇచ్చారు: "ఇంటింటికీ వెళ్తున్నావు కదమ్మా, పింఛనుతో పాటు ఒక సువార్త కరపత్రం కూడా చేతిలో పెట్టు. ఇంతకంటే మంచి అవకాశం ఏముంటుంది?"

ఆయన ఆ మాట ప్రేమతోనే అన్నారు. నేను క్లౌ దొర కథలో మా నాయనమ్మ చివర చెప్పే భాగం గుర్తుచేశాను. కరవు పని జరుగుతుండగా వేలమంది బాప్తిస్మం ఇవ్వమని వచ్చారు. ఆయన ఇవ్వలేదు. గంజి కోసం ఎవరూ దేవుణ్ణి ఒప్పుకోకూడదని, సాయం అందుతున్నంత కాలం, ఏడాదికి పైగా, బాప్తిస్మాలు ఆపేశారు. కరవు సాయం ముగిశాకే, జూలై 3, 1878న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ సంఖ్యను మా సంఘాల్లో అందరూ గర్వంగా చెబుతారు. ముందు ఆయన ఆగిన ఆ ఏడాదిని ఎవరూ చెప్పరు. "అయ్యా, ఆ పింఛను ప్రభుత్వానిది, అంటే అందరిదీ. దాన్ని నా చేతిలో చూస్తున్న అవ్వ నాకు ఇష్టం లేదని చెప్పగలదా?" అన్నాను. ఆయన చాలాసేపు ఆలోచించి, "మంచిది" అన్నారు. ఆ తరువాత నాకోసం పేరుపెట్టి ప్రార్థన చేయడం మొదలుపెట్టారు.

నాన్న పింఛను ఆగిన నెల నుంచి నా జీతంలో 2,250 రూపాయలు విడిగా తీసి, ఒకటో తేదీన ఆయన చేతికి ఇస్తున్నాను. ఇంటి ఖర్చులో కలిపితే ఆయన తీసుకోరు. అది తన డబ్బు కావాలి. జనవరి 2022లో ప్రభుత్వం 2,500 చేస్తే నేనూ చేశాను. 2,750, 3,000 అలాగే పెంచాను. పదో వంతు చర్చికి వెళ్తూనే ఉంది.

జూలై 1, 2024న పింఛను 4,000 అయింది. వెనుకటి మూడు నెలల పెంపు కలిపి ఒక్కొక్కరికి ఏడు వేలు. ఉదయం ఆరు గంటలకే మొదలుపెట్టి, మా వాటా ఇళ్లు పూర్తిచేసి, లెక్క అప్పజెప్పేసరికి చీకటి పడింది. ఇంటికి వచ్చేటప్పటికి నాన్న అరుగు మీద కూర్చుని ఉన్నారు. వీధిలో ఆయన ఈడువాళ్లు అందరికీ ఎంత వచ్చిందో ఆయనకు అప్పటికే తెలుసు. ఆయన అడగలేదు. ఏడు వేలూ వంద నోట్లుగా ముందురోజే మార్పించి ఉంచాను. చేతిలో పెట్టాను. దీపం కింద రెండుసార్లు లెక్కపెట్టుకుని, ఏడు నోట్లు విడిగా తీసి బైబిల్లో పెట్టుకున్నారు.